పదో బిళ్ల

నన్నెవరూ అడగకుండానే రాహేలమ్మ గురించి రాస్తున్నాను. కోడుమూరు అవతల ఒక పల్లెలో, వేరుశెనగ చేలల్లో చెనిక్కాయలు పీకి బతికిన మనిషి గురించి ఎవరడుగుతారు? పెద్దవాళ్ల జీవితాలు రాయడానికి అల్లుళ్లూ శిష్యులూ ఉంటారు. ఈమెకున్న ఒక్కగానొక్క అల్లుడు కల్లూరులో షేర్ ఆటో నడుపుతాడు, అతనికి తీరిక లేదు. నాకుంది. పైగా ఈమె గురించి రాయాల్సిన అగత్యం నాకున్నంతగా మరెవరికీ లేదు.

నా పేరు శివప్రసాద్. మా నాన్న రామకోటయ్యకు కర్నూలు పాత ఊళ్లో కిరాణా అంగడి. తక్కెడ ముల్లు కదలకుండా నిలబడే దాకా పొట్లం కట్టని మనిషి. ఆయన ఓపిక చూస్తే నాకు ఒళ్లు మండేది. అందుకే ఫార్మసీ చదివి, అంగట్లో కూర్చోనని మొండికేసి, 2006లో డాక్టర్ రాఘవేంద్రప్రసాద్ గారి నర్సింగ్ హోంలో కోఆర్డినేటర్‌గా చేరాను. మెడలో కార్డు, చంకలో ఫైళ్లు, పైన తిరిగే ఫ్యాను. నా అంతవాడు లేడనుకున్నాను.

పని ఏమిటంటే, హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్లు చక్కెర జబ్బుకు కొత్త బిళ్ల తెచ్చారు. అది పనిచేస్తుందా, దాని వల్ల ప్రమాదమేమైనా ఉందా అని చూడాలి. ఎవరి పాత మందు వాళ్లు మింగుతూనే దానికి తోడు రోజుకొక కొత్త బిళ్ల వేసుకోవాలి. సగం మందికి అసలు మందు, సగం మందికి ఏమీ లేని ఉత్త బిళ్ల. ఎవరికి ఏది పోతోందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. తెలిస్తే ఎవరికి కావలసింది వాళ్లకు కనబడుతుంది కాబట్టి అలా దాస్తారు. ఈ పద్ధతిని నేను తప్పుపట్టను. మనం మింగే ప్రతి మందూ ఎవరో ఒకరు ముందు మింగి చూసిందే. తప్పు పద్ధతిలో లేదు, పద్ధతిని చేతిలో పట్టుకున్న నాలాంటి తొందరగాళ్లలో ఉంది.

రాహేలమ్మకు అప్పుడు యాభై రెండేళ్లు. పొట్టి మనిషి, గొంతు మాత్రం ఊరి చివరి దాకా వినబడుతుంది. భర్త యేసుప్రసాద్ బేతంచెర్ల బండల గనుల్లో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకుని నలభై ఏళ్లు నిండకుండానే పోయాడు. రెజీనా అనే ఒక్క కూతుర్ని కూలి చేసి పెంచి, పదో తరగతి దాకా చదివించి పెళ్లి చేసింది. తనకు చదువు రాదు. పాటలు మాత్రం పుస్తకానికి పుస్తకం నోటికి వచ్చు. చర్చిలో కొత్త పాస్టరుగారు చరణం తప్పితే పాట మధ్యలోనే ఆపి సరిచేసేది. ఆయన సిగ్గుపడితే, "మీరు సదువుకోనొచ్చినారు గదా అయ్యగారూ, తప్పులు వస్తాయిలే. మేం సదువుకోలేదు, మాకు తప్పు రాదు" అని అందరి ముందూ నవ్వించేది.

ఊళ్లో ఆమెకున్న పెద్ద పేరు పంపకంలో. క్రిస్మస్ ప్రేమవిందులో కూర గరిటె ఆమె చేతిలో ఉంటే ఎవరూ నోరెత్తేవారు కాదు. ఒకసారి ఊరి పెద్ద రైతు పెద్ద ఈరన్న చుట్టపుచూపుగా పంక్తిలో కూర్చుని ఇంకో రెండు ముక్కలు వేయమన్నాడట. "నీ పక్కనున్న పిల్లోనికి ఎన్నో నీకూ అన్నే ఈరన్నా. పొలం ఎక్కువుంటే కడుపు ఎక్కువుంటాదా?" అందట. ఈరన్న కూడా నవ్వి తిని వెళ్లాడని చెబుతారు.

ఆమె ఇంట్లో గోడ గూట్లో ఒక మట్టి చట్టి ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ బియ్యంలోంచి పిడికెడు తీసి అందులో వేసేది. బియ్యం లేని నాడు జొన్నలు. అది దేవుని పాలు, అంటే దేవుడి వాటా. ఆదివారం కొంగులో మూట కట్టుకుని చర్చికి పట్టుకుపోయేది. చెనిక్కాయలు వస్తే పది చేటల్లో ఒక చేట, కోడి గుడ్లు పెడితే పదింటిలో ఒక గుడ్డు, అలా. ఆ ఊళ్లో ఆ చర్చికి పోయే ఆడవాళ్లందరూ అంతే. తిండికి లేనినాడూ చట్టి ఖాళీగా ఉండదు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలుసుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

ఆమె కుడికాలి బొటనవేలి కింద పుండు లేచి మూడు నెలలైనా మానకపోతే రెజీనా మా దగ్గరికి తీసుకొచ్చింది. కొత్త మందు పరీక్షలో చేరితే రక్త పరీక్షలూ, పదిహేను రోజులకొకసారి డాక్టరు చూడటమూ ఉచితం అని విన్నారు. ఆ మాట పల్లెకు పాకి, మరుసటి వారం అదే ఊరి నుంచి ఇంకో ఎనిమిది మంది వచ్చారు. తొమ్మిది మందికీ పరీక్షలు చేశాం. ఏడుగురు పనికొచ్చారు. మిగిలిన ఇద్దరిలో ఒకతను లేవి, అరవై అయిదేళ్లవాడు, వాళ్ల చర్చిలో గంట కొట్టే మనిషి. ఎందుకు పనికిరాలేదో డాక్టరుగారు కాగితం మీద రాసి నా చేతికిచ్చారు. నేను దాన్ని ఫైల్లో పెట్టి, వరండాలోకి పోయి, "నీకు కుదర్లేదు తాతా, ఇంటికి పో" అన్నాను.

"ఏంటికప్పా కుదర్లే?" అన్నాడు లేవి.

"కుదర్లేదంటే కుదర్లేదు, అంతే" అన్నాను. అతను తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకుని, మెట్లు దిగిపోయాడు.

మిగిలిన ఏడుగురికీ అంగీకార పత్రం చదివి వినిపించాలి. పద్నాలుగు పేజీలు. ప్రతి వాక్యమూ చదివి, అర్థమైందా అని అడిగి, అప్పుడు వేలిముద్ర వేయించుకోవాలని రూలు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా. చదువురాని ఏడుగురు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడితే నాకు పద్నాలుగు పేజీలు దండగనిపించింది. ఉత్త బిళ్ల సంగతి ఉన్న మొదటి పేజీ ఒక్కటి మాత్రం వివరంగా చెప్పాను, అది చెప్పడం నాకు సరదా కాబట్టి.

రాహేలమ్మ ఒక్కతే ప్రశ్నలు వేసింది. "నాది ఏ బిళ్లో నీకు తెల్సునా అప్పా?"

"తెలీదు."

"డాక్టరు సారుకో?"

"ఆయనకూ తెలీదు. నీ నంబరు పదిహేడు. ఆ నంబరుతో అల్మారాలో ఒక కవరుండాది. సీలేసి పెట్టినాం. ప్రాణం మీదికొస్తే తప్ప దాన్ని తెరవకూడదు. తెరిస్తే నువ్వింక ఈ పరీక్షలో ఉండవు."

"అట్లయితే దేవునికి ఒక్కనికే తెల్సు. మంచిదేలే" అని వేలు ముందుకు చాపింది.

మిగతా పదమూడు పేజీలూ వేలితో తిప్పేసి, "మందు టయానికి యేసుకోండి, ఖాళీ డబ్బా వెనక్కి తెండి" అని ముగించాను. పదకొండు గంటలకల్లా ఏడు వేలిముద్రలు పడ్డాయి. 'అన్నీ వివరంగా చదివి వినిపించాను' అని ఏడుచోట్ల సంతకం చేశాను. వాళ్ల బస్సు మూడు గంటలకు. అందరూ వరండాలో కూర్చుని జొన్నరొట్టెలు తిన్నారు, రాహేలమ్మ ఏదో పాట పాడింది. నేను కిటికీలోంచి గోల చేయొద్దని ఒకసారి అరిచాను.

ఆరు నెలలు బాగా గడిచాయి. రాహేలమ్మ అంత సక్రమమైన మనిషిని నేను చూడలేదు. చెప్పిన రోజుకు వచ్చేది, ముప్పై బిళ్లల డబ్బా ఖాళీగా తెచ్చేది. కాలి పుండు నాలుగో నెలకే ఎండిపోయింది. నర్సు చెప్పినట్టు రోజూ ఉప్పు లేని గోరువెచ్చటి నీళ్లతో కడిగి, వేళ్ల సందులు ఆరబెట్టి, ఆ తర్వాతే చెప్పులు వేసుకునేది. వచ్చినప్పుడల్లా నాకు కొంగులో పచ్చి చెనిక్కాయలు తెచ్చేది. "నువ్వు శానా సన్నంగుండావప్పా, కోమటోళ్ల పిల్లోడు ఇట్లుంటే అంగడికి చెడ్డపేరు" అని ఆటపట్టించేది. హైదరాబాదు నుంచి కంపెనీ తరఫున తనిఖీకి వచ్చే శ్రీవిద్య గారికి పదిహేడో నంబరు ఫైలు చూపించి నేను గర్వపడేవాణ్ణి.

2007 మార్చిలో ఒక బుధవారం, పొద్దున పదిన్నరకు నర్సింగ్ హోం ముందు జీపు ఆగింది. వెనక సీట్లో లేవి తెలివితప్పి పడి ఉన్నాడు. తల రాహేలమ్మ ఒళ్లో ఉంది. అవి వాళ్లకు శ్రమల దినాలు, ఈస్టరుకు ముందు నలభై రోజులు. చాలామంది పొద్దుగూకేదాకా ఏమీ తినరు. ఆ పొద్దున లేవి గంట కొట్టడానికి పోయి తాడు పట్టుకుని అలాగే కూలబడ్డాడట. రక్తంలో చక్కెర చూస్తే అడుగంటింది. డాక్టరుగారు గ్లూకోజు ఎక్కించారు. పది నిమిషాల్లో కళ్లు తెరిచి చుట్టూ చూశాడు. మేం ఊపిరి పీల్చుకున్నాం.

పన్నెండున్నరకు మళ్లీ కళ్లు మూతలు పడ్డాయి. మళ్లీ గ్లూకోజు పెట్టారు, మళ్లీ లేచాడు. రెండున్నరకు మూడోసారి పోయాడు. ఈసారి చేతులు కొట్టుకోవడం మొదలైంది. డాక్టరుగారి ముఖం మారిపోయింది.

"ఏదో మందు ఇతన్ని కిందికి లాగుతోంది. వట్టి ఉపవాసానికి ఇట్లా కాదు. ఏం మింగాడో తెలిస్తే గానీ ఎంతసేపు కాపలా కాయాలో, ఇంకేం దెబ్బతింటోందో తెలీదు" అన్నారు. బయటికి వచ్చి రాహేలమ్మను అడిగారు. పొద్దున కూడా అడిగారు. పొద్దున ఆమె తల వంచుకుంది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, నాలుగు గంటలుగా గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. పాపం, ముసలాయన మీద దిగులు అనుకున్నాను.

ఈసారి లేచి నిలబడింది. "నా బిళ్లలు మింగినాడు సారూ" అంది. "నేనే ఇచ్చినా."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఒళ్లు తెలియకుండా అరిచాను. "నీకిచ్చిన బిళ్లలు ఆయనకిచ్చినావా? పంచిపెట్టడానికి అవేమన్నా పప్పు బెల్లాలా? బుద్ధుందా నీకు? ఆర్నెల్ల పని మొత్తం మట్టిలో కలిపినావు!"

ఆమె నన్ను చూడలేదు, డాక్టరుగారినే చూస్తూ చెప్పింది. "తొమ్మిది దినాలు నేను యేసుకుంటా సారూ, పదో దినం బిళ్ల దేవునిది. దేవుని పాలు తీయకుండా నేనెట్ల నోట్లో యేసుకొనేది? నా పుండు మాన్పిన మందు గదా అది. బియ్యమైతే అయ్యగారికిస్తాం. బిళ్లలు ఆయనకెందుకు, ఆయనకు చక్కెర లేదు. లేవి మామకుండాది. మీరు ఆయన్ని వద్దని పంపిస్తిరి. అందుకే గుడి గంట కొట్టే మనిషి గదా అని నెలకు మూడు బిళ్లలు ఆయనకిస్తాండా. మొన్న ఆదివారమే మూడూ ఇచ్చినా. దినానికొకటి మింగినాడు." అక్కడ ఆగి వార్డు తలుపు వైపు చూసింది. "నా చేత్తో నేనే సంపుకొన్యానా సారూ? పోలీసోళ్లను పిలిస్తే పిలవండి. ఆయన్ని మాత్రం లేపండి."

ఆరు నెలలుగా ఖాళీ డబ్బాలు నా లెక్కకు ఎందుకు సరిపోతున్నాయో అప్పుడు తెలిసింది. డబ్బా ఖాళీ అయిందా లేదా అనే చూశాను నేను. ఎవరి నోట్లోకి ఖాళీ అయిందని అడగలేదు.

డాక్టరుగారు ఒక్క క్షణం ఆలోచించి, "పదిహేడో నంబరు కవరు తే" అన్నారు.

"తెరిస్తే ఆ నంబరు పోయినట్టే సార్. కంపెనీ వాళ్లు..."

"మనిషి పోవడం కంటే నంబరు పోవడం నయం. తే."

కోపంగానే అల్మారా తాళం తీశాను. కవరు తెచ్చి ఇచ్చాను. డాక్టరుగారు తేదీ, సమయం రాసి, సంతకం చేసి చింపారు. రాహేలమ్మ కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి.

"ఉత్త బిళ్ల" అన్నారాయన. "ఇందులో మందు లేదు. రాహేలమ్మా, విను. నువ్విచ్చిన దాంట్లో ఏమీ లేదు. దానివల్ల ఇతనికి ఏమీ కాలేదు."

ఆమె కళ్లు తెరిచి ఆయన్ని నమ్మనట్టు చూసింది. "ఉత్తదేనా?"

"ఉత్తదే."

"నేను సంపలేదా?"

"లేదమ్మా."

అంతే, నేల మీద చతికిలబడి ఏడ్చింది. గట్టిగా, వార్డులో వాళ్లు తొంగి చూసేటట్టు ఏడ్చింది. ఆరు నెలలు తను మింగింది కూడా ఉత్తదే అన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టినట్టే లేదు. ఆ ఏడుపు చూసి నా కోపం ఎటో పోయింది. ఇందాక ఆమె మీద అరిచినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు నాకు చాలనుకున్నాను గానీ, అసలుది ఇంకా రాలేదు.

"మరి ఏది లాగుతోంది ఇతన్ని?" అని డాక్టరుగారు గొణుక్కుంటూ, "ఇతనికి మనం పరీక్షలు చేశాం కదూ? ఫైలు తే" అన్నారు.

తెచ్చాను. ఆయన తెరిచారు. మొదటి కాగితం మీద ఆయన సొంత చేతిరాత, ఎర్ర సిరాతో. కిడ్నీలు దెబ్బతిన్నాయి. పాత చక్కెర బిళ్ల ఇతనికి పనికిరాదు, వెంటనే మార్చాలి. రోగికి చెప్పి మళ్లీ పిలిపించవలెను.

ఆయన చదివి, మెల్లగా తలెత్తారు. "శివప్రసాద్, ఇతనికి చెప్పావా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా నేల మీద, తన చేత్తో చేసింది తన నోటితో చెప్పుకుని ఏడుస్తున్న మనిషి ఉంది. లేకపోతే ఏం చెప్పేవాడినో నాకు తెలియదు. "లేదు సార్" అన్నాను.

"ఆ రోజు ఏమన్నావు?"

"కుదర్లేదు, ఇంటికి పో అన్నాను."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కిడ్నీలు బాగుంటే ఆ పాత బిళ్ల ఏ రోజుది ఆ రోజు బయటికి పోతుంది. ఇతనికి పోకుండా పేరుకుంటోంది. దానికి తోడు పస్తులు" అని చెప్పి లోపలికి నడిచారు. కారణం తెలిసింది కాబట్టి ఏం చేయాలో తెలిసింది. రెండు రోజులు గ్లూకోజు ఆపకుండా ఎక్కించి, గంటగంటకూ రక్తం చూసి, మూడో రోజుకు లేవిని కూర్చోబెట్టారు. పాత మందు మాన్పించి ఇన్సులిన్ మొదలుపెట్టారు. మనిషి బతికాడు.

రాహేలమ్మ అంతా విన్నది. ఆ సాయంత్రం నేను వరండాలో నిలబడి ఉంటే దగ్గరికి వచ్చింది. నన్నూ నాలుగు మాటలు అంటుందనుకున్నాను. "అన్నం తిన్యావా?" అని అడిగింది. లేదన్నాను. జొన్నరొట్టె సగం తుంచి ఇచ్చింది. సరిగ్గా సగమే. అక్కడే నిలబడి తిన్నాను.

వారానికి శ్రీవిద్య గారు హైదరాబాదు నుంచి వచ్చారు. జరిగినదంతా కాగితం మీద పెట్టాలి. డాక్టరుగారి గదిలో రాహేలమ్మను కూర్చోబెట్టి, మర్యాదగానే అడిగారు. "ఈ బిళ్లలు ఇంకెవరికీ ఇవ్వకూడదని మీకు ముందే చెప్పారా అమ్మా?"

నిజం చెబుతున్నాను, ఆమె అవునంటుందని లోలోపల ఆశపడ్డాను. రొట్టె సగం పెట్టిన మనిషి కదా, ఒక్క మాట అనదా అనుకున్నాను. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాను.

"చెప్పలేదమ్మా" అంది రాహేలమ్మ. "ఈ అప్ప చెప్పలేదు. నేనూ అడగలేదు."

అప్పుడు నా మీద నాకు రావాల్సిన కోపం ఆమె మీద వచ్చింది. ఇంటికి పోయి అన్నం ముందు అదే గొణిగాను. మా నాన్న అంతా విని, "తూకం తక్కువేసింది నువ్వు. ముల్లు చూసి చెప్పినామె మీద కోపమెందుకురా?" అన్నారు. ఆయన లేచి వెళ్లిపోయాక చాలాసేపు కంచం ముందే కూర్చున్నాను. మర్నాడు పోయి, పత్రం పూర్తిగా చదవకుండానే సంతకాలు చేశానని నా చేత్తో రాసిచ్చాను.

నన్ను తీసేయలేదు. కొత్తవాళ్లను చేర్చుకోవడం మూడు నెలలు ఆపేశారు. పరీక్షలో ఉన్న ముప్పై ఎనిమిది మందికీ పద్నాలుగు పేజీలూ మొదటి నుంచి చదివి వినిపించమన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా పట్టుకున్నాను. ఆ ముప్పై ఎనిమిది మందిలో రాహేలమ్మ లేదు. కవరు తెరిచిన రోజే ఆమె నంబరు కొట్టేశారు. పదిహేను రోజులకొకసారి డాక్టరు చూడటమూ, పరీక్షలూ ఆమెకు ఆగిపోయాయి. తర్వాత నెలనెలా ప్రభుత్వాసుపత్రి వరసలో నిలబడి మందు తెచ్చుకుంది. నిజం చెప్పినందుకు నష్టపోయింది మా అందరిలో ఆమె ఒక్కతే.

ముప్పై ఎనిమిది అయిపోయాక, మే నెలలో ఒక మధ్యాహ్నం కోడుమూరు బస్సెక్కి ఆమె ఊరికి పోయాను. పంచలో చాప మీద కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తోంది. గోడ నీడలో లేవి కూర్చుని ఉన్నాడు. నా చేతిలో కాగితాలు చూసి, "మళ్ల వేలిముద్రకు వచ్చినావా?" అని నవ్వింది.

"లేదు రాహేలమ్మా. ఇది నీకు చదవాల్ల."

"నా నంబరు కొట్టేసిరి గదప్పా. నాకెందుకింక?"

"అందరికంటే ముందు నీకే చదవాల్సింది."

ఆమె చేట పక్కకు జరిపి నాకు చోటిచ్చింది. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. అర్థం కాని చోట ఆపింది, నేను విడమరచి చెప్పాను. ఉత్త బిళ్ల సంగతి వచ్చినప్పుడు, "మరి నా పుండెట్ల మానింది?" అంది. రోజూ కడిగినందుకు, పాత మందు తప్పకుండా వేసుకున్నందుకు అన్నాను. "అంటే నేనే మాన్పుకొన్యానన్నమాట. సూస్తివా మామా" అని లేవి వైపు తిరిగి గొప్పగా నవ్వింది. తొమ్మిదో పేజీలో 'ఈ మాత్రలను ఇతరులెవ్వరికీ ఇవ్వరాదు' అని చదివినప్పుడు కాయలు ఒలిచే వేళ్లు ఆగిపోయాయి. కాసేపటికి మళ్లీ కదిలాయి.

పన్నెండో పేజీలో లేవి గొంతు సవరించుకున్నాడు. "నన్నేంటికి వద్దన్యారో అది గూడా రాసినారా అప్పా దాంట్లో?"

ఉంది. చేర్చుకోని వారికి కారణం తెలియజేయాలని ఉంది. చదివాను. తర్వాత కాగితాలు పక్కన పెట్టి, ఆ రోజు వరండాలో చెప్పాల్సిన మాటలు ఆ పంచలో చెప్పాను. చెప్పకపోవడం నా తప్పేనని కూడా చెప్పాను. అతను అన్నీ విని, "నేను పాపం జేసినవాన్నేమో, అందుకే వద్దన్యారేమో అనుకొంటి. ఆ పాపం పోవల్లనే ఈసారి నలభై దినాలూ వదలకుండా పస్తుండల్లనుకొంటి" అన్నాడు. కాగితాలు మళ్లీ చేతిలోకి తీసుకుని పదమూడో పేజీ తిప్పాను.

పద్నాలుగు పేజీలూ అయ్యేసరికి గంటన్నర పట్టింది. రాహేలమ్మ చేతులు దులుపుకుని, "ఇంతేనా?" అంది.

"ఇంతే."

ఆమె గొంతులో కోపం లేదు. రెండు కొలతలు పక్కపక్కన పెట్టి చూసినట్టు, మామూలుగా అంది. "ఆ పొద్దు నువ్వు పదకొండుకంతా మమ్మల్ని బయటికి పంపిస్తివి. మా బస్సు మూడింటికి. నాలుగు గంటలు నీ కిటికీ కిందనే కూర్చోనుంటిమి గదప్పా, పనేం లేకుండా."